శుశ్రూషకు టైంటేబుల్‌లో చోటేది?

కెనడాలోని ఓక్‌విల్‌లో 2015 డిసెంబరులో కొత్త ఆస్పత్రి తెరిచారు. పేరు ఓక్‌విల్ ట్రఫాల్గర్ మెమోరియల్. మన పెద్దాస్పత్రుల జనరల్ వార్డుల్లా వరసగా మంచాలు వేసి ఉండవక్కడ. గదుల్లో ఎక్కువ భాగం ఒక్కొక్క రోగికి ఒక్కొక్కటి. అంటువ్యాధులు పాకకుండా ఉండటానికి, రోగికి కాస్త నిద్ర, కాస్త మరుగు దొరకడానికి అది మంచి ఏర్పాటే. అలాంటి గదిలో, కొడుకు దగ్గర నాలుగు నెలలు ఉందామని వచ్చిన డెబ్బై ఏళ్ళ తెలుగు ఆవిడ తుంటి ఆపరేషన్ అయి పడుకున్నారనుకుందాం. నర్సింగ్ విద్యార్థిని వచ్చి, సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత ఉందో చెప్పమంటుంది. ఆవిడ తల పక్కకి వాల్చి ఆడిస్తారు. ఫోనులో ఉన్న కొడుకు అదే ప్రశ్నను తెలుగులో అడిగితే 'పర్లేదురా' అంటారు. విద్యార్థిని కంప్యూటర్‌లో 'రెండు' అని నమోదు చేసుకుని, నాడి, రక్తపోటు చూసి, చేతులు శానిటైజర్‌తో తుడుచుకుని వెళ్ళిపోతుంది. ఆ రాత్రి ఆవిడకు కన్ను మూతపడదు. తెల్లవారి ఫిజియోథెరపిస్టు లేచి నిలబడమంటే భయపడి మంచం దిగరు. దిగకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ప్రమాదం పెరుగుతాయి. విద్యార్థిని చేసిన పనిలో వేలెత్తి చూపదగ్గ తప్పు ఒక్కటీ లేదు. నేర్పినవన్నీ నేర్పినట్టే చేసింది. 'పర్లేదు' అనేది మన పెద్దవాళ్ళ నోట నొప్పికి కొలత కాదని, ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదనే మర్యాద అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ మాట తర్వాత రెండు నిమిషాలు ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుని, రెండో ప్రశ్న వేయడం ఆమె చదువులో భాగంగా రాలేదు.

రోగికి చేసే సేవను మనం శుశ్రూష అంటాం. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం 'వినాలనే కోరిక'. శ్రవణం, శ్రుతి పుట్టిన ధాతువే ఇదీ. వినాలని కోరుకోవడం అనే అర్థం నుంచి, చెప్పినది విని నడుచుకోవడం, ఆ తర్వాత దగ్గరుండి సేవ చేయడం అనే అర్థాలు వచ్చాయి. నర్సు పనికి ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం మరో భాషలో దొరకడం కష్టం. విన్నాకే చేయి పనికి కదలాలి. గత నలభై అయిదేళ్ళుగా అమెరికా, కెనడాల్లో నర్సింగ్ పండితులు 'కేరింగ్ థియరీ' పేరుతో రాసిన గ్రంథాలన్నీ కలిపి చూస్తే, వాటి సారం ఈ మాటలో ముందే ఉందనిపిస్తుంది. దాన్ని ఆదరణ సిద్ధాంతం అని పిలుచుకుందాం. ఆ సిద్ధాంతాన్ని నర్సింగ్ కోర్సు నిర్మాణానికి అన్వయించడమంటే సిలబస్‌లో 'దయ' అనే అధ్యాయం చేర్చడమనే అపోహ చాలామందికి ఉంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే: ఆదరణ సిద్ధాంతం ప్రధానంగా కాలానికి సంబంధించిన ప్రణాళిక. విద్యార్థికి వినడానికి గంటలు కేటాయించని కోర్సు, తన లక్ష్యాల్లో ఎన్ని మంచి మాటలు రాసుకున్నా, శుశ్రూష నేర్పలేదు.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో కొంచెం చూడాలి. మేడలీన్ లైనింగర్ అనే అమెరికా నర్సు మానవశాస్త్రం చదివి, 1960ల మొదట్లో న్యూగినీ కొండల్లో గాడ్‌సప్ ప్రజల మధ్య ఉండి పరిశోధన చేశారు. ఒక్కో సంస్కృతిలో ఆదరణ ఒక్కో రూపంలో ఉంటుందని, అది తెలియని నర్సు మంచి మనసుతోనే కీడు చేయగలదని ఆమె వాదించారు. మన 'పర్లేదు' సంగతి ఆవిడకు తెలిసి ఉంటే మంచి ఉదాహరణగా వాడుకునేవారు. 1979లో జీన్ వాట్సన్ రాసిన పుస్తకం నర్సింగ్‌ను ఆదరణ శాస్త్రంగా నిలబెట్టి, అందుకు పది అంశాలు చెప్పింది. కెనడాలో ఈ దారి వేసినవారు సిస్టర్ సిమోన్ రోచ్. నోవా స్కోషియా రాష్ట్రంలోని సెయింట్ మార్తా సన్యాసినుల సంఘానికి చెందిన ఈమె, 1980లో వచ్చిన కెనడా నర్సుల సంఘం తొలి నీతి నియమావళి వెనక ఉన్న మనిషి. ఆమె చెప్పిన అయిదు గుణాలు ఇవాళ్టికీ కెనడా నర్సింగ్ తరగతుల్లో వినిపిస్తాయి: కరుణ, సామర్థ్యం, రోగిలో నమ్మకం కలిగించడం, మనస్సాక్షి, నిబద్ధత. మన ఊళ్ళలో నర్సును 'సిస్టర్' అని పిలవడం కూడా ఇలాంటి సన్యాసినుల నుంచి వచ్చిన అలవాటే. రోచ్ జాబితాలో కరుణ పక్కనే సామర్థ్యం ఉండటం గమనించాలి. మనకు ఇది కొత్త కూడా కాదు. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు చెబుతూ వైద్యుడు, మందు, రోగితో పాటు పరిచారకుణ్ణి కూడా ఒక పాదంగా నిలబెట్టింది. పరిచారకుడికి ఉండాల్సిన గుణాలుగా ఉపచార జ్ఞానం, నేర్పు, రోగి మీద అనురాగం, శుచిత్వం చెప్పింది. నేర్పునూ అనురాగాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది, దేన్నీ రెండోదానికి తాకట్టు పెట్టలేదు.

సిద్ధాంతం వేరు, దాని మీద కోర్సు కట్టడం వేరు. ఇక్కడ చెప్పుకోదగ్గ మనిషి ఎమ్ ఒలీవియా బెవిస్. 1949లో రాల్ఫ్ టైలర్ అనే విద్యావేత్త ఇచ్చిన నమూనా ప్రకారం పాఠం మొదలుకాక ముందే లక్ష్యాలు రాసుకోవాలి, విద్యార్థి ప్రవర్తనలో కనిపించే మార్పుగా వాటిని చెప్పాలి, చివర ఆ మార్పును కొలవాలి. నర్సింగ్ కాలేజీలు ఈ నమూనాను గట్టిగా పట్టుకున్నాయి. 'ఈ పాఠం ముగిసేసరికి విద్యార్థి ఫలానా పది పనులు చేయగలుగుతాడు' అని మొదలయ్యే పాఠ ప్రణాళికలు మన నర్సింగ్ ట్యూటర్లు ఇవాళ్టికీ రాస్తున్నారు కదా, వాటి మూలం అక్కడే ఉంది. నర్సింగ్ కోర్సుల నిర్మాణం మీద 1973లో బెవిస్ రాసిన పుస్తకం ఎన్నో కాలేజీలకు చేతిపుస్తకం అయింది. అదే బెవిస్ 1989లో వాట్సన్‌తో కలిసి ఆదరణ పునాదిగా కోర్సు కట్టడం గురించి మరో పుస్తకం తెచ్చి, కొలవగలిగిన ప్రవర్తనల చట్రం శిక్షణకు సరిపోతుందే తప్ప చదువుకు చాలదని వాదించారు. తాను వేసిన దారినే తిరిగి ప్రశ్నించడానికి పండితులకు చాలా ధైర్యం కావాలి. బెవిస్ దృష్టిలో అసలు పాఠ్యప్రణాళిక కాగితం మీది సిలబస్ కాదు, ఉపాధ్యాయురాలికీ విద్యార్థికీ మధ్య నడిచే వ్యవహారం. విద్యార్థిని వార్డులో తప్పు చేసినప్పుడు ట్యూటర్ ఎలా మాట్లాడిందో, ఆ విద్యార్థిని రేపు రోగితో అలాగే మాట్లాడుతుంది.

ఈ మాట కెనడాలో పుస్తకాల్లో ఆగిపోలేదు. 1990ల మొదట్లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో విక్టోరియా విశ్వవిద్యాలయం, మరికొన్ని కాలేజీలు చేయి కలిపి ఆదరణ పునాదిగా ఉమ్మడి నర్సింగ్ డిగ్రీ నడిపాయి. ఓక్‌విల్‌కు దగ్గరలో, టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయం నర్సింగ్ స్కూలు తన కోర్సులకు మానవ విజ్ఞానాన్నీ ఆదరణనూ పునాదిగా చెప్పుకుంటూ వచ్చింది. ఓక్‌విల్ జనాభా 2021 జనగణన నాటికి 2 లక్షల 13 వేల పైచిలుకు. టొరంటోకూ హామిల్టన్‌కూ మధ్య ఉన్న ఈ ఊళ్ళో షెరిడన్ కాలేజీకి పెద్ద ప్రాంగణమే ఉన్నా, ఆ కాలేజీ నర్సింగ్ చదువు సాగేది పక్కనున్న బ్రాంప్టన్ ప్రాంగణంలో. అందువల్ల ఇక్కడి పిల్లలు నర్సింగ్ కోసం బ్రాంప్టన్‌కో, టొరంటోకో, హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌కో వెళ్ళి చదువుకుంటారు. ఓక్‌విల్ ఉన్న అంటారియో రాష్ట్రంలో 2005 నుంచి రిజిస్టర్డ్ నర్సు కావాలంటే డిగ్రీ తప్పనిసరి. 2015 నుంచి అమెరికాలో తయారయ్యే ఎన్‌క్లెక్స్ పరీక్షే ఇక్కడా లైసెన్స్ పరీక్ష అయింది. 2020లో కాలేజీలు విశ్వవిద్యాలయాల తోడు లేకుండానే నర్సింగ్ డిగ్రీ ఇవ్వవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే ఈ ప్రాంతంలో పలు సంస్థలు ఒకేసారి కొత్తగా కోర్సులు కట్టుకునే సమయం వచ్చింది. పునాది గురించి మాట్లాడటానికి ఇంతకంటే సరైన వేళ ఉండదు, గోడలు లేచాక పునాది మార్చలేం.

అయితే పునాది అంటే ఏమిటి? కోర్సు పరిచయ పుస్తకంలో మొదటి పేజీలో 'మా విద్యార్థులు కరుణామయులు' అని రాయడం పునాది అనిపించుకోదు. నా మటుకు నేను ఏ కోర్సునైనా టైంటేబుల్ చూసే అంచనా వేస్తాను. ఈ పనికి అన్నిటికంటే బాగా పనికొచ్చే సిద్ధాంతం క్రిస్టెన్ స్వాన్సన్‌ది. 1991లో ఆమె దాన్ని ప్రకటించారు. గర్భస్రావమైన స్త్రీలు, పుట్టిన బిడ్డను ఇంటెన్సివ్ కేర్‌లో కనిపెట్టుకుని ఉన్నవారు, కష్టాల్లో ఉన్న తల్లులు, వీళ్ళు చెప్పింది విని, విన్నదాని నుంచి తీసిన సిద్ధాంతం అది. రోగి నెగ్గుకురాగలడని నమ్మడం, ఆ మనిషిని తెలుసుకోవడం, మనసు పెట్టి దగ్గరుండటం, తనకు తాను చేసుకోలేనిది చేసిపెట్టడం, చివరికి తానే చేసుకునేలా నిలబెట్టడం అనే అయిదు పనులు ఆమె చెప్పారు. ఇప్పుడు ఏ నర్సింగ్ కోర్సు టైంటేబుల్ అయినా తీసి, ఈ అయిదింటికీ ఎన్నెన్ని గంటలు పడ్డాయో లెక్కేయండి. నూటికి తొంభై పాళ్ళు 'చేసిపెట్టడం' దగ్గరే కనబడతాయి: ఇంజెక్షన్, డ్రెస్సింగ్, క్యాథెటర్, పడక మార్చడం, మందులు. 'తెలుసుకోవడం' అనేది రోగి వివరాలు రాసుకునే ఫారంలోకి కుదించుకుపోయి ఉంటుంది. 'దగ్గరుండటం' అనే పనికి ఒక్క గంట కూడా ఉండదు. వార్డులో విద్యార్థిని కుర్చీలో కూర్చుని రోగితో మాట్లాడుతూ కనిపిస్తే 'పనేం లేదా?' అని గద్దించేవాళ్ళున్న చోట అంతకంటే ఏం ఆశిస్తాం?

ఒక్క పాఠాన్ని దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. మంచం మీదే రోగికి ఒళ్ళు తుడిచి స్నానం చేయించడం నర్సింగ్ మొదటి ఏడాది పాఠం. మామూలు పద్ధతిలో ల్యాబ్‌లో రబ్బరు మనిషి బొమ్మను పడుకోబెట్టి, నీళ్ళ వేడి చూశావా, తెర లాగావా, పరిచయం చేసుకున్నావా, కంటి లోపలి మూల నుంచి బయటికి తుడిచావా అని వరుసగా టిక్కులు పెడతారు. ఇవన్నీ అవసరమే, ఒక్కటీ వదలకూడదు. ఆదరణ సిద్ధాంతం మీద కట్టిన కోర్సులో దీనికి ముందు ఒక పని ఉంటుంది: విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఒకరి ముఖం ఒకరు, ఒకరి పాదాలు ఒకరు తుడవాలి. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి తడి గుడ్డ చెప్పకుండా ముఖాన పడితే ఎలా ఉంటుందో అప్పుడు ఒంటికి తెలుస్తుంది. పాఠం తర్వాత మరో పని: నిజమైన రోగికి స్నానం చేయించి, ఆ ఇరవై నిమిషాల్లో రోగి నోటి నుంచి వచ్చిన మాటలు, పడిన నిట్టూర్పులు, బిగుసుకున్న చోట్లు రాసుకొచ్చి, నలుగురు కూర్చుని చర్చించాలి. పరాయి ఆడపిల్ల చీర కుచ్చిళ్ళ దగ్గర చేయి వేయగానే మన పెద్దావిడ ఎందుకు ముడుచుకుపోయారో, మెడలో పసుపుతాడు తీసి పక్కన పెట్టమంటే ఎందుకు కన్నీళ్ళు పెట్టుకున్నారో అక్కడ మాటకొస్తుంది. ఆ తాడును చేతికి కట్టి పైన టేపు వేయవచ్చని ఎవరో ఒకరు అంటారు. లైనింగర్ రాసిన వందల పేజీల కంటే ఆ ఒక్క టేపు ముక్క విద్యార్థికి ఎక్కువ కాలం గుర్తుంటుంది. మొత్తానికి అదనంగా పట్టింది రెండు గంటలు. ఇదీ కోర్సు నిర్మాణం అంటే. ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు తగవు.

ఆదరణ పుట్టుకతో రావాల్సిందే తప్ప నేర్పితే వచ్చేది కాదని వాదించేవాళ్ళున్నారు. మంచి మనసున్న పిల్లల్ని చేర్చుకుంటే సరిపోతుందంటారు. ఈ వాదానికి పిల్లల చదువే జవాబు చెబుతోంది. 2012లో అమెరికాలో రెండు వందల మందికి పైగా నర్సింగ్ విద్యార్థుల మీద జరిపిన అధ్యయనంలో, రోగులతో ఎక్కువగా గడిపినవారిలో సహానుభూతి కొలతలు ఏడాది తిరిగేలోపు తగ్గినట్టు తేలింది. వైద్య విద్యార్థుల్లోనూ మూడో ఏడాది, అంటే వార్డుల్లోకి అడుగుపెట్టే ఏడాదే, ఇలాంటి పతనం కనిపించిందని 2009 నాటి పరిశోధన చెప్పింది. ఇవి విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్న జవాబుల మీద ఆధారపడ్డ కొలతలని ఒప్పుకోవాలి. అయినా అవి చూపే దిశ ఆలోచింపజేస్తుంది. మంచి మనసుతో వచ్చిన పిల్లల్లో చదువే దాన్ని ఎండిపోయేలా చేస్తున్నప్పుడు, మంచి మనసున్నవాళ్ళను వెతికి చేర్చుకున్నంత మాత్రాన ఏం లాభం? ఎండిపోయేది ఏదైనా నీళ్ళు పోస్తే నిలుస్తుంది కూడా. విద్యా తాత్వికురాలు నెల్ నాడింగ్స్ ఆదరణ నేర్పడానికి నాలుగు దారులు చెప్పారు: ఉపాధ్యాయులు చేసి చూపడం, మనసు విప్పి మాట్లాడుకోవడం, సాధన చేయించడం, విద్యార్థిలో ఉన్న మంచిని గుర్తించి ఆ సంగతి చెప్పడం. వీటిలో ఒక్కటీ పుట్టుకతో వచ్చే గుణం మీద ఆధారపడదు, నాలుగూ కోర్సు నడిపేవాళ్ళ చేతిలో ఉన్నవే. ఒంటరి గదుల ఆస్పత్రుల్లో మొదటి దారి మరీ కష్టమైంది. పాత జనరల్ వార్డులో అనుభవమున్న సిస్టర్ రోగితో ఎలా మాట్లాడుతోందో విద్యార్థిని పది మంచాల దూరం నుంచి చూసి నేర్చుకునేది. ఇప్పుడు తలుపు మూసి ఉంటుంది. యాదృచ్ఛికంగా జరిగే ఆ నేర్పును ఇకనుంచి కావాలని ఏర్పాటు చేసి తీరాలి. ఎనిమిది మంది విద్యార్థులకు ఒక ట్యూటర్ ఉంటే ఆమె ఏ తలుపు వెనక ఉండాలి? ఈ లెక్క కోర్సు కట్టేవాళ్ళు వేయాల్సిందే.

ప్రాణాలు నిలిపేది నైపుణ్యం, తీపి మాటలు కావు, టైంటేబుల్‌లో ఖాళీ లేదన్నది మరో వాదం. ఎన్‌క్లెక్స్‌లో పిల్లలు తప్పితే కాలేజీ పరువు పోతుంది, ఆ పరీక్ష మందుల మోతాదులు, ప్రాధాన్య నిర్ణయాలు అడుగుతుంది. ఈ వాదం తేలికగా తోసేయదగ్గది కాదు. ఆరోగ్య రంగంలో చదువు నాణ్యతకు ఎంత విలువుందో 2014లో యూరప్‌లో లిండా ఏకెన్ బృందం తేల్చిన లెక్క చెబుతుంది. తొమ్మిది దేశాలు, మూడు వందల ఆస్పత్రులు, నాలుగు లక్షల పైచిలుకు శస్త్రచికిత్స రోగుల లెక్కలు చూస్తే, డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగిన చోట రోగి చనిపోయే అవకాశం ఏడు శాతం తగ్గింది. కానీ నైపుణ్యం అనగానే సూది, సెలైన్ మాత్రమే కళ్ళ ముందు మెదలడంలోనే పొరపాటుంది. మొదట చెప్పుకున్న గదిలో ఆవిడ నొప్పిని సరిగ్గా అంచనా వేయలేకపోవడం నైపుణ్య లోపమే. రోగి పరిస్థితి దిగజారుతోందని యంత్రం చూపడానికి ముందే 'ఏదో తేడాగా ఉందమ్మా' అనే మాటలో ఉంటుంది సూచన. ఆ మాట వినని నర్సు ఎంత చదివినా ఆలస్యంగానే పరుగెత్తుతుంది. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా జరిగిన నిర్లక్ష్యం మీద 2013 ఫిబ్రవరిలో వెలువడిన ఫ్రాన్సిస్ నివేదిక చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మంచినీళ్ళు అందనివాళ్ళు, మురికి పక్కల్లో గంటల తరబడి ఉండిపోయినవాళ్ళు, పిలిస్తే ఎవరూ రానివాళ్ళు. అంకెల లక్ష్యాల వెంట పడ్డ ఆస్పత్రిలో రోగుల గొంతు వినిపించకుండా పోయింది. ఆదరణ లేమికి ఫలితం మనసు నొచ్చుకోవడం దగ్గర ఆగిపోదు, ఒంటి మీదికి వస్తుంది.

సరే, దీన్ని కొలిచేదెలా అని పరీక్షల విభాగం వాళ్ళు అడుగుతారు. నిజమే, ఒక ఆదరణ సిద్ధాంతం మీద కట్టిన కోర్సు వల్ల రోగులకు ఎంత మేలు జరిగిందో సూటిగా కొలిచిన అధ్యయనాలు తక్కువ. ఈ బలహీనతను ఆ సిద్ధాంతం వైపు నిలబడేవాళ్ళు దాచకూడదు. దాచేవాళ్ళ వల్లే దానికి కవిత్వమనే పేరొచ్చింది. అయితే ఆదరణను మొత్తంగా కొలవలేకపోయినా వినడాన్ని కొలవవచ్చు. రోగి చెప్పింది విద్యార్థిని తిరిగి చెప్పగలదా? రోగికి దేని భయం ఎక్కువో చెప్పగలదా? ఇంటికి పంపే ముందు మందుల గురించి చెప్పాక, రోగి తన మాటల్లో దాన్ని మళ్ళీ చెప్పేదాకా ఆగిందా? ఇవన్నీ ట్యూటర్ పక్కన నిలబడి చూసి మార్కు వేయగలిగినవే, రోగినే అడిగి తెలుసుకోగలిగినవే. 'పరిచయం చేసుకుందా' అనే టిక్కు కంటే ఇవి కష్టం, ఎక్కువ సమయం తీసుకుంటాయి. మళ్ళీ తిరిగి తిరిగి గంటల దగ్గరికే వస్తున్నాం.

వచ్చిన అభ్యంతరాల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది ఆడవాళ్ళ నుంచి, నర్సుల సంఘాల నుంచి వచ్చినది. ఆదరణ అనే తీపి మాట చెప్పి నర్సుల చేత వెట్టి చేయిస్తారన్నది ఆ వాదన. చరిత్రకారిణి సూసన్ రెవర్బీ 1987లో రాసిన పుస్తకంలో, ఆదరణకు విలువ ఇవ్వని సమాజం నర్సులకు మాత్రం ఆదరించడాన్ని విధిగా మోపిందని చూపించారు. మన మాటలోనూ ఈ ముల్లు ఉంది. శుశ్రూషకు వినడమే కాదు, విధేయంగా అణిగిమణిగి ఉండటం అనే అర్థమూ తరతరాలుగా అంటుకుని ఉంది. అంటారియో నర్సులకు ఇది పుస్తకంలోని సంగతి కాదు. 2019లో అక్కడి ప్రభుత్వం బిల్ 124 తెచ్చి, వాళ్ళతో సహా ప్రభుత్వ రంగ ఉద్యోగుల జీతాల పెంపును మూడేళ్ళపాటు ఏడాదికి ఒక్క శాతానికి బిగించింది. ఆ మధ్యలోనే కోవిడ్ వచ్చింది. 2020 మేలో అంటారియోలో అయిదు వృద్ధుల సంరక్షణ గృహాల్లో సాయానికి వెళ్ళిన కెనడా సైన్యం అక్కడి దుస్థితి మీద ఇచ్చిన నివేదిక దేశాన్ని కదిలించింది. బిల్ 124 రాజ్యాంగ విరుద్ధమని 2022 నవంబరులో న్యాయస్థానం కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం వైపు నిలవలేదు. కోవిడ్ కాలంలో చప్పట్లు కొట్టి జీతం బిగించినవాళ్ళు ఆదరణ గురించి ఉపన్యాసం చెబితే నర్సుకు ఒళ్ళు మండదా?

ఈ అభ్యంతరంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటూనే, అది ఆదరణ సిద్ధాంతానికి వ్యతిరేకంగా పనిచేస్తుందని మాత్రం నేను అనుకోను. వినడానికి గంటలు కావాలని ఒప్పుకున్న క్షణం, ఆ గంటలు ఎవరిస్తారన్న ప్రశ్న ఆస్పత్రి యాజమాన్యం వైపు, ప్రభుత్వం వైపు తిరుగుతుంది. ఏకెన్ బృందం లెక్కలోని రెండో సగం ఇదే: నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పెరిగినా, రోగి చనిపోయే అవకాశం ఏడు శాతం పెరిగింది. అంటారియో 2021లో తెచ్చిన వృద్ధాశ్రమాల చట్టం ఒక్కో వృద్ధుడికి రోజుకు సగటున నాలుగు గంటల ప్రత్యక్ష సంరక్షణ లక్ష్యంగా పెట్టి, అందుకు 2025 మార్చిని గడువుగా రాసుకుంది. ఆదరణను గంటల్లో రాయవచ్చని ఒక ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. బ్రిటిష్ కొలంబియా 2023లో, కెనడాలోనే మొదటిసారిగా, ఒక నర్సుకు ఎంతమంది రోగులన్న కనీస నిష్పత్తి పెడతామని ప్రకటించింది. అందువల్ల ఆదరణ మీద కట్టిన కోర్సు విద్యార్థికి అణగి ఉండటం నేర్పకూడదు. 'ఈ షిఫ్టులో ఇంతమంది రోగులతో నేను సురక్షితంగా పనిచేయలేను' అని రాతపూర్వకంగా చెప్పడం, చెప్పాక నిలబడటం నేర్పాలి. రోచ్ చెప్పిన మనస్సాక్షి, నిబద్ధత అనే మాటలకు వార్డులో అర్థం ఇదే. తనకు అన్యాయం జరుగుతుంటే నోరెత్తడం నేర్వని నర్సు, రోగికి అన్యాయం జరుగుతున్నప్పుడు నోరెత్తుతుందని ఎలా నమ్మాలి?

ఇక మన దగ్గరికి వద్దాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బి.ఎస్సీ. నర్సింగ్ నిబంధనలను మార్చి సెమిస్టర్లు, క్రెడిట్లు తెచ్చింది. సామర్థ్యాల ఆధారంగా చదువు సాగాలంది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనూ, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం పరిధిలోనూ ఆ చట్రమే నడుస్తుంది. ఎం.బి.బి.ఎస్.లో 2019 నుంచి వైఖరి, నీతి, సంభాషణల మీద ప్రత్యేక భాగం కూడా వచ్చింది. చట్రం మారడం మంచిదే. కానీ సామర్థ్యాల జాబితా అనేది టైలర్ నమూనాకు కొత్త చొక్కా తొడగడంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కేర్ ప్లాన్ రికార్డు అందంగా గీతలు కొట్టి, రంగు పెన్నులతో రాయడానికి మన విద్యార్థినులు రాత్రిళ్ళు మేలుకుంటారు. ఆ రికార్డులో ఉన్న రోగితో మాట్లాడిన సమయం ఎంతని అడిగితే చెప్పడానికి తడబడతారు. పల్లె నుంచి వచ్చి పెద్దాస్పత్రి వరండాలో బిత్తరచూపులు చూసే మనిషికి తెలుగులోనే మాట్లాడే నర్సు దొరుకుతుంది, అయినా ఓక్‌విల్ గదిలోని ఆవిడ 'పర్లేదు' ఇక్కడా వినబడకుండా పోవచ్చు. భాష ఒక్కటైనంత మాత్రాన వినికిడి రాదు. ఇంకో సంగతి, మన పిల్లలు చాలామంది ఇక్కడ చదివి గల్ఫ్‌కో, బ్రిటన్‌కో, కెనడాకో వెళ్ళి మంచి పేరు తెచ్చుకుంటున్నారు. పరాయి దేశపు వృద్ధుల మాట వినడం వాళ్ళకు ఎవరు నేర్పాలి? ఇక్కడి కాలేజీలే.

నర్సింగ్‌లో చేరబోయే అమ్మాయో అబ్బాయో ఉన్న తల్లిదండ్రులు కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు భవనం, బస్సు, హాస్టల్ చూస్తారు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు. వాటితో పాటు మొదటి సెమిస్టర్ టైంటేబుల్ కూడా అడిగి తీసుకోండి. వారంలో ఎన్ని గంటలు మీ పిల్ల ఒక్క రోగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుందో, ఆ సమయంలో ఎంతమంది పిల్లలకు ఒక ట్యూటర్ తోడుంటుందో వేలు పెట్టి చూపించమనండి.